‘నాకు’ నుంచి ‘ఐ’ వరకు: ఇంగ్లీషులో ‘గెట్’ క్రియను వాడుకోవడం ఎలా

నిఘంటువు తెరిచి ‘గెట్’ అన్న మాట దగ్గర ఆగిన వారికి మొదట కలిగేది నిరుత్సాహమే. పొందు, తెచ్చు, చేరు, అవు, అర్థం చేసుకొను, చేయించు, పట్టుకొను అంటూ అర్థాలు పేజీ దాటిపోతాయి. ఒకదానికీ మరొకదానికీ పొత్తు ఉన్నట్టే కనిపించదు. ఆ అర్థాలను వరుసగా బట్టీ పట్టడం వృథా శ్రమ అని నా అభిప్రాయం. తెలుగు మాతృభాషగా గలవారికి ఈ క్రియలోకి వెళ్లడానికి వేరే దగ్గరి దారి ఒకటి ఉంది. అది మనం రోజుకు వందసార్లు పలికే ‘నాకు’ అన్న మాట దగ్గర మొదలవుతుంది.

‘నాకు ఉత్తరం వచ్చింది’, ‘నాకు ఉద్యోగం దొరికింది’, ‘నాకు జ్వరం వచ్చింది’, ‘నాకు బహుమతి దక్కింది’, ‘నాకు అర్థమైంది’ అన్న వాక్యాలను చూడండి. వీటిలో కర్త ‘నేను’ కాదు. ఉత్తరం వస్తుంది, ఉద్యోగం దొరుకుతుంది, జ్వరం వస్తుంది. అవన్నీ ఎక్కడి నుంచో కదిలి నా దాకా చేరుతాయి, నేను మాత్రం ‘కు’ అనే విభక్తి తగిలించుకొని ఒక పక్కన నిలబడి ఉంటాను. ఇంగ్లీషుకు ఈ అమరిక అంతగా నచ్చదు. ఆ భాష వీలైనంతవరకు మనిషినే కర్తగా ముందు నిలబెట్టాలని చూస్తుంది కాబట్టి, ‘ఐ గాట్ ఎ లెటర్’, ‘ఐ గాట్ ఎ జాబ్’, ‘ఐ గాట్ ఎ ఫీవర్’, ‘ఐ గాట్ ఎ ప్రైజ్’, ‘ఐ గాట్ ఇట్’ అంటుంది. మన ‘నాకు’ను ‘ఐ’గా మార్చి, మన వచ్చు, దొరుకు, దక్కు, అందు, చిక్కు, తగులు అన్న క్రియలన్నిటికీ బదులు తానొక్కటే నిలబడటం ‘గెట్’ చేసే ముఖ్యమైన పని. ఈ ఒక్క విషయం పట్టుబడితే నిఘంటువులో కనిపించే అర్థాల్లో సగం వాటంతట అవే సర్దుకుంటాయి.

రూపాల సంగతి ముందే చెప్పి ముగిస్తాను. వర్తమానంలో ‘గెట్’, భూతకాలంలో ‘గాట్’. బడిలో మూడో రూపం అని నేర్పేది బ్రిటిష్ వాడుకలో ‘గాట్’, అమెరికన్ వాడుకలో ఎక్కువగా ‘గాటెన్’. పాత రూపమైన ‘గాటెన్’ను బ్రిటన్ చాలావరకు వదిలేసినా, అక్రమంగా సంపాదించిన అన్న అర్థం గల ‘ఇల్-గాటెన్’లోనూ, ‘ఫర్గెట్’కు మూడో రూపమైన ‘ఫర్గాటెన్’లోనూ అది ఇప్పటికీ బతికే ఉంది. ఈ క్రియ ఇంగ్లీషుకు సొంతది కాదు. స్కాండినేవియా నుంచి వెళ్లి ఇంగ్లండులో స్థిరపడినవారి పాత నార్స్ భాషలోని ‘గెటా’ నుంచి సుమారు 1200 ప్రాంతంలో వచ్చి చేరింది. వచ్చిన కొత్తలోనూ దాని అర్థం సంపాదించడం, చేజిక్కించుకోవడం. తర్వాతి శతాబ్దాల్లో వచ్చిన అర్థాలు ఎన్ని ఉన్నా, ఏదో ఒకటి చేతికి రావడం, లేదా మనిషి ఒక స్థితికి చేరడం అన్న భావం వాటి అడుగున కనిపిస్తూనే ఉంటుంది.

‘నాకు’ ఉన్నంత మాత్రాన సరిపోని చోట్లు

ఇక్కడ కొంచెం నిదానించాలి. ‘నాకు ఫలానాది వచ్చింది’ అన్న ప్రతి వాక్యాన్నీ కళ్లు మూసుకొని ‘ఐ గాట్’ అని మార్చేస్తే, మన ఇంగ్లీషులో తెలుగువాసన కొట్టే తప్పులు అక్కడే పుడతాయి. వస్తువులు, వార్తలు, అవకాశాలు, జబ్బులు వచ్చినప్పుడు ఈ మార్పు దాదాపు ఎప్పుడూ చెల్లుతుంది. మనసులో, శరీరంలో పుట్టే భావాల దగ్గర మాత్రం చెల్లదు.

‘నాకు కోపం వచ్చింది’ అన్నదాన్ని ‘ఐ గాట్ యాంగర్’ అనకూడదు. ‘ఐ గాట్ యాంగ్రీ’ అనాలి. మన దృష్టిలో కోపం బయటి నుంచి వచ్చి మనిషిని ఆవహించే ఒక పదార్థం, అందుకే దానికి నామవాచకం వాడతాం. ఇంగ్లీషు దృష్టిలో మనిషే కోపపు మనిషిగా మారతాడు, అందుకే అక్కడ విశేషణం కావాలి. ఆకలి, దాహం, నిద్ర, భయం, విసుగు అన్నీ ఈ కోవలోవే. ‘నాకు నిద్ర వస్తోంది’ అంటే ‘ఐ యామ్ గెటింగ్ స్లీపీ’. మనలో చాలామంది ‘ఐ యామ్ గెటింగ్ స్లీప్’ అంటారు, అది వినేవారికి ఎవరో నిద్రను పొట్లం కట్టి పంపుతున్నట్టు ఉంటుంది. ‘భయం వేసింది’ అంటే ‘ఐ గాట్ స్కేర్డ్’. ‘విసుగొచ్చింది’ అంటే ‘ఐ గాట్ బోర్డ్’; పొరపాటున ‘ఐ గాట్ బోరింగ్’ అంటే మాత్రం ఎదుటివారికి విసుగు పుట్టించే మనిషినయ్యానని నా గురించి నేనే చెప్పుకున్నట్టు అవుతుంది.

కొన్నిటికి ‘గెట్’ అసలు పనికిరాదు, ‘హ్యావ్’ కావాలి. ‘నాకు కల వచ్చింది’ అంటే ‘ఐ హ్యాడ్ ఎ డ్రీమ్’. నేను ఏళ్ల తరబడి ‘ఐ గాట్ ఎ డ్రీమ్’ అంటూ వచ్చాను, ఎవరూ దిద్దలేదు. వినేవారికి అర్థమవుతూనే ఉండటం వల్ల ఇలాంటి తప్పులకు ఆయుష్షు ఎక్కువ. ‘నాకో సందేహం వచ్చింది’ అన్నదాన్ని ‘ఐ గాట్ ఎ డౌట్’ అనేకంటే ‘ఐ హ్యావ్ ఎ క్వశ్చన్’ అనడం మేలు, ఎందుకంటే ‘డౌట్’ అన్న మాటకు ఇంగ్లీషు మాతృభాషగా గలవారి చెవిలో అడగదలచిన ప్రశ్న కంటే అపనమ్మకం అన్న ఛాయ ఎక్కువ. ఆలోచన విషయంలో మాత్రం ‘ఐ గాట్ ఎన్ ఐడియా’, ‘ఐ హ్యాడ్ ఎన్ ఐడియా’ రెండూ నడుస్తాయి.

మరికొన్నిటికి ఇంగ్లీషులో విడి క్రియలే ఉన్నాయి. ‘నాకు గుర్తొచ్చింది’ అంటే ‘ఐ రిమెంబర్డ్’. ‘నాకు ఇంగ్లీషు వచ్చు’ అంటే ‘ఐ నో ఇంగ్లీష్’. ‘నాకు నవ్వొచ్చింది’ అంటే ‘ఇట్ మేడ్ మి లాఫ్’. ‘నాకు ఏడుపొచ్చింది’ అంటే ‘ఐ ఫెల్ట్ లైక్ క్రయింగ్’. నొప్పి సంగతి మరీ విచిత్రం. ‘నాకు తలనొప్పి వచ్చింది’ అంటే ‘ఐ గాట్ ఎ హెడేక్’ నిక్షేపంలా సరిపోతుంది, కానీ ‘చెయ్యి నొప్పి పుడుతోంది’ అన్నదాన్ని ‘ఐ యామ్ గెటింగ్ పెయిన్ ఇన్ మై హ్యాండ్’ అనేకంటే ‘మై హ్యాండ్ హర్ట్స్’ అంటేనే సహజంగా ఉంటుంది.

‘దొరుకు’ అన్న మన క్రియను కూడా జాగ్రత్తగా చూసుకోవాలి, ఎందుకంటే ఇంగ్లీషులో అది రెండుగా చీలుతుంది. వెతికితే దొరికింది ‘ఫైండ్’, ఎవరో ఇస్తేనో సంపాదిస్తేనో దొరికింది ‘గెట్’. పోయిన తాళంచెవి బల్ల కింద దొరికితే ‘ఐ ఫౌండ్ ది కీ’; అదే తాళంచెవిని వాచ్‌మన్ దగ్గర తీసుకుంటే ‘ఐ గాట్ ది కీ’. అలమరలో ఎంత వెతికినా పుస్తకం కనిపించనప్పుడు ‘ఐ యామ్ నాట్ గెటింగ్ ది బుక్’ అంటే, ఆ పుస్తకం కొనదలచుకోలేదని వినేవారు అనుకునే ప్రమాదం ఉంది. అక్కడ ‘ఐ కాంట్ ఫైండ్ ది బుక్’ అనాలి.

‘పోవు’ చెప్పే మార్పు

తడిసిపోవడం, అలసిపోవడం, తప్పిపోవడం, ఇరుక్కుపోవడం, పాడైపోవడం అంటూ క్రియకు ‘పోవు’ చేర్చి, ఒక స్థితి నుంచి మరో స్థితికి జరిగిపోయిన మార్పును మనం చెబుతాం. ఈ పనిని ఇంగ్లీషులో ఎక్కువగా చేసేది ‘గెట్’. ‘వానలో తడిసిపోయాను’ అంటే ‘ఐ గాట్ వెట్ ఇన్ ది రెయిన్’. ‘దారి తప్పిపోయాం’ అంటే ‘వి గాట్ లాస్ట్’. ‘ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయాడు’ అంటే ‘హి గాట్ స్టక్ ఇన్ ట్రాఫిక్’. మార్పు ఇంకా నడుస్తూ ఉంటే ‘గెటింగ్’ వస్తుంది. చీకటి పడుతోందనడానికి ‘ఇట్స్ గెటింగ్ డార్క్’, ఆలస్యమవుతోందనడానికి ‘ఇట్స్ గెటింగ్ లేట్’, రోజురోజుకూ ఎండలు ముదురుతున్నాయనడానికి ‘ఇట్స్ గెటింగ్ హాటర్ ఎవ్రీ డే’ అంటారు.

అయితే మన భూతకాలంలో ఒక తిరకాసు ఉంది. తెలుగులో ‘అలసిపోయాను’ అన్న ఒక్క మాట రెండు పనులు చేస్తుంది: నిన్న కొండ ఎక్కుతూ మధ్యలో అలసిపోయిన సంగతీ చెబుతుంది, ఈ నిమిషాన కుర్చీలో కూలబడి ఉన్న నా స్థితినీ చెబుతుంది. ఇంగ్లీషు ఆ రెంటినీ విడదీస్తుంది. నిన్నటి సంఘటనకు ‘ఐ గాట్ టైర్డ్ హాఫ్‌వే అప్’. ఇప్పటి స్థితికి ‘ఐ యామ్ టైర్డ్’. ఇల్లు చేరగానే ‘అబ్బ, అలసిపోయాను’ అనుకునే మనిషి ‘ఐ గాట్ టైర్డ్’ అంటే, ఎప్పుడో జరిగిన కథ ఏదో చెప్పబోతున్నాడని వినేవారు మిగతా సగం కోసం ఎదురుచూస్తారు.

ఈ తేడా అన్నిటికంటే స్పష్టంగా కనిపించేది పెళ్లి ప్రస్తావనలో. ‘మీకు పెళ్లయిందా?’ అన్న మన ప్రశ్నకు ‘అయింది’ అన్న జవాబు చాలు. అది స్థితా, సంఘటనా అని మనం ఆలోచించం. ఇంగ్లీషులో స్థితి అడగాలంటే ‘ఆర్ యు మ్యారీడ్?’, సంఘటన అడగాలంటే ‘వెన్ డిడ్ యు గెట్ మ్యారీడ్?’ అని వేర్వేరుగా అడగాలి. జవాబులు కూడా అలాగే ఉండాలి: ‘ఐ యామ్ మ్యారీడ్’ అన్నది ఇప్పటి స్థితి, ‘ఐ గాట్ మ్యారీడ్ ఇన్ 2015’ అన్నది ఆ ఏడు జరిగిన పెళ్లి. ఫలానావారితో పెళ్లయింది అనేటప్పుడు మన ‘తో’ను చూసి ‘విత్’ వేయకూడదు, అక్కడ ‘టు’ రావాలి: ‘షి గాట్ మ్యారీడ్ టు ఎ డాక్టర్’.

ప్రతి ‘అవడం’ కూడా ‘గెట్’ కాదు. డాక్టరు అవడం, టీచరు అవడం లాంటివాటికి ‘బికమ్’ తప్పనిసరి. ‘హి గాట్ ఎ డాక్టర్’ అంటే అతను వైద్యుణ్ణి పిలుచుకొచ్చాడని అర్థం. ఆహారం చెడిపోతే ‘గో బ్యాడ్’, బట్టతల వస్తే ‘గో బాల్డ్’, ముఖం ఎర్రబడితే ‘టర్న్ రెడ్’, నలభై ఏళ్లు నిండితే ‘టర్న్ ఫార్టీ’. వీటికి సూత్రం వెతకడం కంటే విని అలవాటు చేసుకోవడమే సులువు.

‘ఐవ్ గాట్’ అన్న చిన్న ముడి

‘నాకు ఇద్దరు తమ్ముళ్లు ఉన్నారు’ అన్న వాక్యంలోనూ ‘నాకు’ ఉంది. దీన్ని ‘ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్’ అనడం మన దగ్గర బాగా పాతుకుపోయిన తప్పు. సరైనవి ‘ఐ హ్యావ్ టూ బ్రదర్స్’, లేదా మాటల్లో ‘ఐవ్ గాట్ టూ బ్రదర్స్’. ‘గాట్’ చూడటానికి భూతకాలంలా ఉన్నా ఇక్కడ అర్థం వర్తమానమే. అమెరికాలో ఈ తేడాను బాగా పాటిస్తారు: ‘ఐవ్ గాట్ ఎ కార్’ అంటే కారు ఉందని, ‘ఐవ్ గాటెన్ ఎ కార్’ అంటే కారు సంపాదించుకున్నానని. గడిచిన కాలంలో ఉండేదని చెప్పాలంటే ‘ఐ హ్యాడ్ ఎ కార్’ అంటే చాలు.

దీనికి ‘టు’ చేరినప్పుడు వచ్చే మూడు వాక్యాలను పక్కపక్కన పెట్టి చూపించాలి, ఎందుకంటే వాటి మధ్య తేడా ఒక చిన్న శబ్దం మీద ఆధారపడి ఉంది. ‘ఐవ్ గాట్ టు మీట్ హర్’ అంటే ఆమెను కలవక తప్పదు అని. ‘ఐ గాట్ టు మీట్ హర్’ అంటే ఆమెను కలిసే అవకాశం నాకు దక్కింది, కలిశాను కూడా అని. ‘ఐ గాటా మీట్ హర్’ అన్నది మొదటి వాక్యానికే మాటల్లో అరిగిపోయిన రూపం. అంటే ‘ఐవ్’లో చివరన వినిపించీ వినిపించకుండా ఉండే ‘వ్’ మన రాతలో జారిపోతే, తప్పనిసరి పని కాస్తా ముగిసిపోయిన అదృష్టంగా మారిపోతుంది. ఒకసారి నేను పైఅధికారికి ‘ఐ గాట్ టు సబ్‌మిట్ ది రిపోర్ట్ టుడే’ అని రాసి పంపాను. ఇవ్వాళ సమర్పించాలి అని నా ఉద్దేశం. సమర్పించేశానని ఆయన అనుకున్నారు, సాయంత్రం దాకా నన్నేమీ అడగలేదు, ఆ తర్వాత అడిగిన తీరు ఇక్కడ రాయదగ్గది కాదు. మాటల్లో ఎలా పలికినా, రాసేటప్పుడు ‘ఐ హ్యావ్ టు’ అని రాయడం క్షేమం.

‘గెట్ యూజ్డ్ టు’ దగ్గర కూడా ఇలాంటి ముడే ఉంది. ‘ఐ యూజ్డ్ టు వర్క్ ఎట్ నైట్’ అంటే ఒకప్పుడు రాత్రి పని చేసేవాణ్ణి, ఇప్పుడు లేదు అని. ‘ఐ యామ్ యూజ్డ్ టు వర్కింగ్ ఎట్ నైట్’ అంటే రాత్రి పని నాకు అలవాటే అని. ‘ఐ యామ్ గెటింగ్ యూజ్డ్ టు వర్కింగ్ ఎట్ నైట్’ అంటే అలవాటు పడుతున్నాను అని. మొదటిదాంట్లో ‘వర్క్’, తర్వాతి రెంటిలో ‘వర్కింగ్’ రావడాన్ని గమనించండి.

చేయడం, చేయించడం

తెలుగులో ‘ఇంచు’ అన్న ప్రత్యయం ఎంత గొప్ప సౌకర్యమో ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు గాని తెలిసిరాదు. చేయు, చేయించు, కుట్టు, కుట్టించు, రాయు, రాయించు. పని ఎవరి చేతి మీదుగా జరిగిందో ఆ ఒక్క ప్రత్యయంతో తేలిపోతుంది. ఇంగ్లీషులో ఈ లోటును ‘గెట్’ తీరుస్తుంది, కానీ వాక్యంలో మాటల వరుస మారుతుంది: ముందు ‘గెట్’, తర్వాత వస్తువు, ఆ తర్వాత క్రియ మూడో రూపం. ‘ఫోను బాగు చేయించుకున్నాను’ అంటే ‘ఐ గాట్ మై ఫోన్ రిపేర్డ్’. ‘ఐ రిపేర్డ్ మై ఫోన్’ అంటే స్క్రూడ్రైవర్ నా చేతిలోనే ఉందని అర్థం.

మనం సాధారణంగా బోల్తా పడేది క్షౌరం దగ్గర, ఎందుకంటే తెలుగులో ‘జుట్టు కత్తిరించుకున్నాను’ అన్నా మంగలి చేత చేయించుకున్నట్టే లెక్క. దాన్ని అలాగే ‘ఐ కట్ మై హెయిర్ ఎస్టర్డే’ అని ఒక విదేశీ సహోద్యోగితో అన్నప్పుడు, ఆయన నా తల వెనుక భాగాన్ని కాసేపు మెచ్చుకోలుగా చూసి, ‘అద్దం ఎలా పట్టుకున్నారు?’ అని నిజంగానే అడిగారు. అనవలసింది ‘ఐ గాట్ మై హెయిర్ కట్’, లేదా ‘ఐ గాట్ ఎ హెయిర్‌కట్’.

పని చేసే మనిషిని కూడా చెప్పాలంటే వాక్యం మారుతుంది: ‘ఐ గాట్ హిమ్ టు సైన్ ది లెటర్’. ఇక్కడ ‘టు’ తప్పనిసరి. ‘హ్యావ్’, ‘మేక్’, ‘లెట్’ వాడితే ఆ ‘టు’ ఉండకూడదు. ‘అతని చేత సంతకం చేయించాను’ అన్న మన వాక్యం ఎలా చేయించామో చెప్పదు. ఇంగ్లీషు దాన్ని క్రియతోనే చెప్పేస్తుంది. నచ్చజెప్పో బతిమాలో చేయిస్తే ‘గాట్ హిమ్ టు సైన్’. అది అతని పనే కాబట్టి పురమాయించి చేయిస్తే ‘హ్యాడ్ హిమ్ సైన్’. ఇష్టం లేకపోయినా మెడలు వంచి చేయిస్తే ‘మేడ్ హిమ్ సైన్’. చేస్తానంటే అడ్డు చెప్పకపోతే ‘లెట్ హిమ్ సైన్’. ఈ నాలుగింటిలో ఏది ఎంచుకుంటామన్నదాన్ని బట్టి ఎదుటి మనిషి పట్ల మన తీరు బయటపడుతుంది కాబట్టి, ఉద్యోగ వ్యవహారాల్లో ‘మేడ్’ వాడే ముందు ఒక్క క్షణం ఆలోచించడం మంచిది.

ఒక హెచ్చరిక కూడా అవసరం. ‘ఐ గాట్ మై బ్యాగ్ స్టోలెన్’ అన్న వాక్యం రూపంలో ‘ఫోన్ రిపేర్డ్’ లాంటిదే అయినా, నా సంచీని నేనే దొంగిలింపజేశానని దాని అర్థం కాదు. నా సంచీ దొంగల పాలైందని మాత్రమే. నష్టం, ప్రమాదం చెప్పే క్రియలు వచ్చినప్పుడు ‘చేయించు’ అన్న భావం తప్పుకుంటుంది.

‘దెబ్బలు తిన్నాడు’, ‘పట్టుబడ్డాడు’, ‘తిట్లు పడ్డాయి’ అన్నవాటికి సాటివచ్చే ‘గాట్ హిట్’, ‘గాట్ కాట్’, ‘గాట్ స్కోల్డెడ్’ లాంటి కర్మణి ప్రయోగాలు మాటల్లో చాలా సహజం. ‘వాజ్’ బదులు ‘గాట్’ వేసినప్పుడు ఏదో జరిగింది, దాని ప్రభావం ఆ మనిషి మీద పడింది అన్న భావం బలపడుతుంది. అందుకే ‘ది విండో వాజ్ బ్రోకెన్’ అంటే కిటికీ పగిలి ఉందని కూడా కావచ్చు గాని, ‘ది విండో గాట్ బ్రోకెన్’ అంటే పగలడం జరిగిందనే అర్థం. ప్రశ్న వేసేటప్పుడు ‘డు’, ‘డిడ్’ సాయం కావాలి: ‘డిడ్ యు గెట్ పెయిడ్?’ అనాలి గాని ‘గాట్ యు పెయిడ్?’ అనకూడదు.

చేరడం, ఎక్కడం, దిగడం

‘గెట్’ తర్వాత చోటు పేరు వస్తే చేరడం అన్న అర్థం వస్తుంది: ‘హౌ డు ఐ గెట్ టు ది స్టేషన్?’ అంటే స్టేషనుకు ఎలా వెళ్లాలి అని. ‘హోమ్’, ‘హియర్’, ‘దేర్’ ముందు మాత్రం ఆ ‘టు’ ఉండదు. ‘ఐ గాట్ హోమ్ ఎట్ టెన్’ అనాలి, ‘గాట్ టు హోమ్’ అనకూడదు.

వాహనాల దగ్గర ఇంగ్లీషుకు ఒక పద్ధతి ఉంది. లోపల లేచి నిలబడి నడవగలిగే బస్సు, రైలు, విమానం, ఓడ లాంటివాటికీ, కాళ్లు అటూ ఇటూ వేసి కూర్చునే సైకిలు, మోటారు సైకిలు, గుర్రం లాంటివాటికీ ఎక్కడం ‘గెట్ ఆన్’, దిగడం ‘గెట్ ఆఫ్’. వంగి లోపల దూరి కూర్చునే కారు, టాక్సీలకు ఎక్కడం ‘గెట్ ఇన్’, దిగడం ‘గెట్ అవుట్ ఆఫ్’. మనం అన్నిటికీ ‘గెట్ డౌన్’ అంటాం. మన దేశంలో అందరికీ అర్థమయ్యే మాటే అయినా, బయటివారికి ‘గెట్ డౌన్’ అంటే నిచ్చెన మీద నుంచో చెట్టు మీద నుంచో దిగడం, లేదా తల కాపాడుకోవడానికి కిందికి వంగడం. బస్సు కండక్టరు అలా అరిస్తే కొత్తవారు సీటు కింద దాక్కున్నా ఆశ్చర్యం లేదు.

వెనుక చేరే చిన్న మాటలు

‘గెట్’ వెనుక ‘అప్’, ‘ఓవర్’, ‘బై’, ‘త్రూ’ లాంటి మాటలు చేరినప్పుడు వచ్చే అర్థాలకు పట్టిక రాసుకునే బదులు, ప్రతిదానికీ సరితూగే తెలుగు నుడికారం ఒకటి పట్టుకుంటే అది మరుపు రాదు. ‘గెట్ బై’ అంటే ఉన్నదాంతో ఎలాగోలా నెట్టుకురావడం. ‘గెట్ త్రూ’ అంటే కష్టకాలం నుంచి గట్టెక్కడం. ఫోన్ సందర్భంలో లైను కలవడం. ‘గెట్ ఎలాంగ్’ అంటే ఒకరికొకరికి పొసగడం. ‘గెట్ ఓవర్’ అంటే జబ్బు నుంచో దుఃఖం నుంచో తేరుకోవడం. ‘గెట్ అవే విత్’ అంటే తప్పు చేసి కూడా శిక్ష పడకుండా జారుకోవడం. ‘గెట్ రిడ్ ఆఫ్’ అంటే వదిలించుకోవడం. ‘ఐ విల్ గెట్ బ్యాక్ టు యు’ అంటే కనుక్కొని మళ్లీ చెబుతాను అని. అది తిరిగి మీ దగ్గరికే వస్తానన్న మాట కాదు.

మాటల వరుసలో చిన్న తేడా వచ్చినా అర్థం మారుతుందనడానికి ఒక్క ఉదాహరణ చాలు. ‘గెట్ ఓవర్ ఇట్’ అంటే దాన్ని మరిచి ముందుకు సాగు అని, కాస్త కటువుగా చెప్పడం. ‘గెట్ ఇట్ ఓవర్ విత్’ అంటే ఇష్టం లేని పనిని త్వరగా ముగించెయ్యి అని. దుఃఖంలో ఉన్నవారితో మొదటిది అనకపోవడమే మర్యాద.

మన తెలుగులో ఈ కుటుంబం నుంచి వచ్చి స్థిరపడిన మాటలు కొన్ని ఉన్నాయి: వేషానికి ‘గెటప్’, బయటికి పొమ్మనడానికి ‘గెటౌట్’, నలుగురూ కలవడానికి ‘గెట్ టుగెదర్’. వీటిలో ‘గెటప్’ దగ్గర జాగ్రత్త పడాలి. నామవాచకంగా ఇంగ్లీషులోనూ దానికి వేషధారణ అన్న అర్థం ఉంది గాని, క్రియగా ‘గెట్ అప్’ అంటే సాధారణంగా నిద్రలేవడమో కూర్చున్నచోటు నుంచి లేవడమో.

ఎక్కడ వాడాలి, ఎక్కడ మానాలి

‘గెట్’ మాటల భాషకు చెందిన క్రియ. స్నేహితులతో, ఇంట్లో, మామూలు సందేశాల్లో దాన్ని వాడకుండా ‘ఐ హ్యావ్ రిసీవ్డ్ యువర్ మెసేజ్’ అంటే ప్రభుత్వ నోటీసు చదివినట్టు ఉంటుంది. ‘ఐ గాట్ యువర్ మెసేజ్’ అంటే చాలు. దరఖాస్తులు, పరిశోధన పత్రాలు, అధికారిక లేఖలు రాసేటప్పుడు దాని స్థానంలో ‘రిసీవ్’, ‘అబ్టెయిన్’, ‘బికమ్’, ‘అరైవ్’ లాంటి క్రియలను ఎంచుకోవాలి. ‘గెట్’ను రాతలో పూర్తిగా నిషేధించే ఉపాధ్యాయులతో నేను ఏకీభవించను; ‘గెట్ రిడ్ ఆఫ్’ లాంటి చోట బలవంతంగా పెద్ద మాట తెచ్చి పెడితే వాక్యం బిగుసుకుపోతుంది.

అర్థమవడం అన్న భావంలో వాడేటప్పుడు ఎదుటివారి వయసు, హోదా చూసుకోవాలి. ‘గాట్ ఇట్’ అని మన గురించి మనం అనుకుంటే ఇబ్బంది లేదు. పెద్దలను ‘గాట్ ఇట్?’ అని అడిగితే గద్దించినట్టు ఉంటుంది. ‘ఐ యామ్ నాట్ గెటింగ్ యు’ అన్న మన వాడుక మాటకు బదులు ‘ఐ డోంట్ ఫాలో’ అంటే మర్యాదగానూ, సరిగానూ ఉంటుంది.

ఇక సాధన. రోజూ పడుకునే ముందు ఆ రోజు జరిగిన నాలుగు సంగతులు తెలుగులో రాసుకొని, వాటిలో ‘నాకు’, ‘పోవు’, ‘ఇంచు’ ఎక్కడ ఉన్నాయో గీత గీసి, ఆ తర్వాతే ఇంగ్లీషులోకి మార్చండి. నేను చేసినది ఒకటి చూపిస్తాను. ‘ఆఫీసులో పని తెగక ఆలస్యమైంది. బయలుదేరేసరికి చీకటి పడుతోంది. బస్సు దిగాక వానలో చిక్కుకొని తడిసిపోయాను. ఇల్లు చేరేసరికి జలుబు చేసేలా ఉంది. నిన్న రాత్రి విచిత్రమైన కల వచ్చింది.’

మొదటి వాక్యంలో పని నన్ను పట్టి ఆపింది కాబట్టి ‘ఐ గాట్ హెల్డ్ అప్ ఎట్ ది ఆఫీస్’. రెండోదాంట్లో మార్పు నడుస్తోంది కాబట్టి ‘ఇట్ వాజ్ గెటింగ్ డార్క్ వెన్ ఐ లెఫ్ట్’. మూడోదాంట్లో మూడుచోట్ల వస్తుంది: ‘ఆఫ్టర్ ఐ గాట్ ఆఫ్ ది బస్, ఐ గాట్ కాట్ ఇన్ ది రెయిన్ అండ్ గాట్ సోక్డ్’. ఒకే వాక్యంలో మూడుసార్లు చెవికి బరువు అనిపిస్తే చివరిదాన్ని ‘వాజ్ సోక్డ్’ అని మార్చుకోవచ్చు. నాలుగోదానికి ‘బై ది టైమ్ ఐ గాట్ హోమ్, ఐ ఫెల్ట్ ఐ వాజ్ గెటింగ్ ఎ కోల్డ్’. ‘హోమ్’ ముందు ‘టు’ లేదు. అయిదోది తెలుగులో ‘నాకు ఉత్తరం వచ్చింది’ లాగే కనిపించినా దానికి ‘గెట్’ కుదరదు. అక్కడ ‘ఐ హ్యాడ్ ఎ స్ట్రేంజ్ డ్రీమ్’ అని రాసి పడుకున్నాను.